అంకెగా పౌరుడు, బొమ్మగా పౌరుడు: సిమ్‌సిటీ, సిటీస్ స్కైలైన్స్ ఆటల తులన

సభకు నమస్కారం. నగర నిర్మాణ వీడియో గేముల గురించి మాట్లాడమని పిలిచినప్పుడు నిర్వాహకులు ఒకే షరతు పెట్టారు: ఏది మేలో తేల్చి చెప్పాలి, గోడమీద పిల్లిలా కూర్చోకూడదు. అందువల్ల తీర్పు ముందే చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను. ఆడుకోవడానికి, రోడ్లు వేసి మురిసిపోవడానికి 2015 నాటి సిటీస్: స్కైలైన్స్‌ను మించిన ఆట లేదు. ఒక నగరం ఎందుకు పెరుగుతుందో, ఎందుకు కుంగుతుందో గ్రహించడానికి మాత్రం 2003లో వచ్చిన సిమ్‌సిటీ 4 ఇప్పటికీ దానికంటే ఒక మెట్టు పైనే ఉంది. 2013 నాటి సిమ్‌సిటీ ఈ రెంటికంటే అందమైనది, ఈ రెంటికంటే తప్పులతడక కూడా.

ఈ ఆటలను పోల్చేవారు సాధారణంగా దృశ్యాల నాణ్యతనో, పటం విస్తీర్ణాన్నో, ధరనో తీసుకుని బేరీజు వేస్తారు. అవి అక్కరలేదని అనను గానీ, వాటితో అసలు తేడా పట్టుబడదు. నేను వేసే ప్రశ్న వేరు: ఈ ఆట లోపల పౌరుడు ఏ రూపంలో ఉన్నాడు? పాత ఆటల్లో పౌరుడు ఒక లెక్క; ఫలానా గడిలో ఇంతమంది ఉన్నారు, ఇంత నేరం ఉంది, ఇంత పొగ ఉంది అని పట్టికల్లో ఉంటాడు. కొత్త ఆటల్లో అతడు ఒక ఏజెంట్, అంటే తెరమీద నడుస్తూ, కారెక్కుతూ, మనం క్లిక్ చేస్తే పేరు చెప్పే బొమ్మ. మొదటి పద్ధతి పాతబడిందనీ రెండోది దానికి సహజమైన వికాసమనీ చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను.

సిమ్‌సిటీ సృష్టికర్త విల్ రైట్ 1984లో శత్రు ద్వీపాలపై హెలికాప్టర్‌తో బాంబులు వేసే ఒక ఆట చేశారు. ఆ ద్వీపాలను ధ్వంసం చేయడం కంటే, వాటిని తయారుచేసే ఎడిటర్‌లో రోడ్లు, కట్టడాలు అమర్చడమే ఆయనకు ఎక్కువ సరదాగా తోచింది. అందులోంచి 1989లో మాక్సిస్ సంస్థ ద్వారా సిమ్‌సిటీ వచ్చింది. లోపలి లెక్కలకు ఆయన ఎంఐటీ ఆచార్యుడు జే ఫారెస్టర్ 1969లో ప్రచురించిన నగర నమూనాను చదువుకున్నారు. బోస్టన్ మాజీ మేయర్ జాన్ కాలిన్స్‌తో జరిగిన సంభాషణల నుంచి పుట్టిన ఆ నమూనాలో వీధులు లేవు, పటమే లేదు. ఇళ్లు, పరిశ్రమలు, జనం అనే రాశులు ఒకదానిపై ఒకటి చూపే ప్రభావం మాత్రమే ఉంది. రైట్ ఆ రాశులను 120 గడుల పొడవు, 100 గడుల వెడల్పు ఉన్న పటం మీద పరిచారు. ఆ ఆట మూలకోడ్‌ను 2008లో మైక్రోపోలిస్ పేరుతో బహిరంగపరిచారు కాబట్టి లోపల ఏం జరుగుతుందో ఎవరైనా చదువుకోవచ్చు. ఒక జోన్ (ఇళ్లకో, దుకాణాలకో, ఫ్యాక్టరీలకో విడిగా కేటాయించిన స్థలం) నుంచి బయలుదేరిన ప్రయాణం రోడ్డు వెంట ఇష్టం వచ్చినట్టు మలుపులు తిరుగుతూ 30 గడుల లోపల తనకు కావలసిన జోన్‌ను తాకితే సఫలమైనట్టు, లేకపోతే విఫలమైనట్టు. తెరమీద కదిలే కార్లు కార్లు కావు, రద్దీ అంకెకు వేసిన అలంకారం. ఇంత మొరటు లెక్క మీద నిలబడిన ఆట ఎందరినో నగర ప్రణాళిక వైపు లాగింది.

సిమ్‌సిటీ 2000, సిమ్‌సిటీ 3000లను దాటి నేరుగా సిమ్‌సిటీ 4కు వస్తాను. ఇది ఈ అంకెల పద్ధతికి శిఖరం. ఇందులో ఆటగాడికి దక్కేది ఒక నగరం కాదు, ఒక ప్రాంతం. దాన్ని చదరపు ముక్కలుగా విభజించారు, అతి పెద్ద ముక్క భుజం నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. ఒక ముక్కలో ఫ్యాక్టరీలు, పక్క ముక్కలో ఇళ్లు, ఆ పైదానిలో పొలాలు పెట్టి వాటిని రైలుతోనో హైవేతోనో కలపవచ్చు. ప్రతి ఇంటికీ సంపద స్థాయి ఉంటుంది: పేద, మధ్యతరగతి, ధనిక. పేదవారు బస్సువైపు మొగ్గు చూపుతారు, ధనికులు కారు వదలరు. ఉదయం ప్రతి ఇంటి నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ ఒక దారి లెక్కించబడుతుంది. ఆ దారికి పట్టే సమయం హద్దు దాటితే ఆ ఇంటి మీద ఉద్యోగం లేదన్న గుర్తు వెలుగుతుంది, కొన్నాళ్లకు ఇల్లు నల్లబడి పాడుబడుతుంది. ఊరి చివర చౌకగా స్థలం ఉంది కదా అని వంద ఇళ్లు లేపి, వాటికి ఒకే ఒక ఇరుకు రోడ్డు వదిలేస్తే ఏమవుతుందో ఈ ఆట నిర్దాక్షిణ్యంగా చూపిస్తుంది. ముందు రోడ్డు ఎర్రబడుతుంది, తరువాత ధనికులు పోతారు, అదే భవనంలోకి పేదవారు చేరతారు, పన్ను ఆదాయం పడిపోతుంది, బడి నిధులు కోయవలసి వస్తుంది. ఈ గొలుసంతా ఒక్క ఏజెంట్ కూడా లేకుండానే కళ్లకు కడుతుంది.

దీనికీ లోపాలున్నాయి. ఒకసారికి ఒక్క ముక్క మాత్రమే నడుస్తుంది, పొరుగు నగరాలు మనం చివరిసారి వదిలిన స్థితిలో గడ్డకట్టి ఉంటాయి. అందువల్ల ఒక విచిత్రం జరుగుతుంది. కొందరు పనివాళ్లు సరిహద్దు దాటి పొరుగూరికి ఉద్యోగానికి పోతారు. పొరుగూరిని తెరిచి నడిపిస్తే వారు అక్కడినుంచి ఇంకో సరిహద్దు గుండా మరో ఊరికి, అక్కడినుంచి మళ్లీ మొదటి ఊరికి వెళ్లిపోతారు. ఎక్కడా ఉద్యోగం చేయరు, ఎక్కడా ఆగరు. ఆటగాళ్లు వీరికి నిత్య ప్రయాణికులని పేరు పెట్టారు. నగరాలను వలయంగా కలిపిన ప్రతివారికీ ఈ తిప్పలు తప్పవు. సరిహద్దు రోడ్లను చెట్టు కొమ్మల్లా, వలయం ఏర్పడకుండా వేసుకోవడమే దీనికి మందు.

ఇక 2013. ఆ ఏడాది మార్చి 5న అమెరికాలో విడుదలైన సిమ్‌సిటీకి ఇంటర్నెట్ కనెక్షన్ నిరంతరం ఉండాలన్నారు. సర్వర్లు తొలిరోజే చేతులెత్తేశాయి. భారం తగ్గించడానికి ఆటలోని అతివేగం మీటను తాత్కాలికంగా తీసేశారు. అమెజాన్ కొంతకాలం డౌన్‌లోడ్ అమ్మకం ఆపేసింది. ప్రచురణకర్త ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కొనుగోలుదారులకు పరిహారంగా మరో గేమును ఉచితంగా ఇచ్చింది. లెక్కల్లో చాలా భాగం సర్వర్‌లోనే జరుగుతుందని మాక్సిస్ చెప్పింది గానీ, కనెక్షన్ లేకుండా ఆటను నడిపించవచ్చని ఒక మోడర్, అంటే ఆటను తన ఇష్టానికి మార్చుకునే ఔత్సాహికుడు, చేసి చూపించాడు. చివరకు 2014 మార్చిలో సంస్థే ఆఫ్‌లైన్ పద్ధతి ఇచ్చింది. ఫ్రాన్స్‌కు చెందిన మాంటే క్రిస్టో 2009లో సిటీస్ ఎక్స్ఎల్ అనే ఆటకు ఇలాగే ఆన్‌లైన్ చందా కట్టించబోయి కొన్ని నెలలకే మూసుకుంది. ఆ అనుభవం కళ్లముందు ఉండగానే ఇదంతా జరగడం నాకు ఇప్పటికీ విడ్డూరంగానే ఉంటుంది.

అయితే ఆ ఆటను సర్వర్లే ముంచాయన్న మాట సగమే నిజం. సర్వర్లు కుదురుకున్నాక కూడా ఆట కుదురుకోలేదు. జబ్బు ఆట లెక్కలన్నీ నడిపే గ్లాస్‌బాక్స్ అనే దాని ఇంజిన్‌లో ఉంది. ఆ ఇంజిన్‌లో ప్రతిదీ ఏజెంటే: కరెంటు, నీళ్లు, మురుగు, మనిషి. కాస్త దగ్గరగా చూద్దాం. సాయంత్రం ఫ్యాక్టరీ వదిలారు. గేటులోంచి పనివాళ్లు బయటికి వచ్చి రోడ్డు పట్టారు. వీరిలో ఎవరికీ సొంత ఇల్లు లేదు. రోడ్డు వెంట పోతూ మొదట ఖాళీగా కనిపించిన ఇంట్లోకి ఒకడు దూరతాడు, అది నిండితే వెనకవాడు తరువాతి ఇంటికి. తెల్లవారితే అదే తంతు తిరగేసి: ఇంటినుంచి బయటపడ్డవాడు దగ్గరలో ఖాళీ ఉన్న ఏ ఉద్యోగమైతే దానిలో చేరతాడు. నిన్న ఫౌండ్రీలో పనిచేసినవాడు ఇవాళ మిఠాయి దుకాణంలో తేలతాడు. అందరూ దగ్గరి ఖాళీకే ఎగబడడం వల్ల ఒక వీధి కిక్కిరిసి, దాని వెనక వీధి బోసిగా ఉండేది. విడుదలైన తొలి వారాల్లో ఒక ఇంటికి నిప్పంటుకుంటే అగ్నిమాపక బండ్లన్నీ ఆ ఒక్క ఇంటికే బారులు తీరేవి. పక్క వీధిలో ఇల్లు తగలబడుతుంటే చూసే నాథుడు లేడు. కార్లు పొట్టి దారినే చూసేవి గనుక, పక్కనే విశాలమైన అవెన్యూ వేసినా మట్టిబాటలోనే ఇరుక్కునేవి. ఈ చివరి రెంటినీ తరువాత సవరించారు. మనుషులకు ఇల్లూ ఉద్యోగమూ గుర్తుండకపోవడాన్ని సవరించలేకపోయారు, ఎందుకంటే అది పొరపాటు కాదు, రూపకల్పన.

ఇంత చేసినా ఏజెంట్ల సంఖ్య నిజాయితీగా చూపలేదు. ఊరు పెరిగేకొద్దీ తెరమీద కనిపించే జనాభా, నిజంగా తిరిగే బొమ్మల కంటే కొన్ని రెట్లు ఎక్కువ ఉండేలా ఒక హెచ్చవేత పెట్టారు. నగరం భుజం 2 కిలోమీటర్లే, అంటే మొత్తం 4 చదరపు కిలోమీటర్లు; అంత చిన్న పళ్లెంలో మహానగరం వడ్డించాలంటే అంకె పెంచడం తప్ప దారి లేకపోయింది. చతురులైన ఆటగాళ్లు కూడళ్లే లేకుండా ఒకే రోడ్డును పాములా మెలికలు తిప్పి ఊరంతా దానికే కట్టారు. కూడలి లేకపోతే రద్దీ ఉండదు మరి. నగర అనుకరణ అని పేరు పెట్టుకున్న ఆటలో గెలుపు మార్గం నగరంలా కనిపించని ఊరు కట్టడమే అయితే, ఆ అనుకరణ దేన్ని అనుకరిస్తున్నట్టు?

ఈ వైఫల్యం ఒక చిన్న సంస్థకు తలుపు తెరిచింది. ఫిన్లాండ్‌లోని తాంపెరే నగరంలో కొలొసల్ ఆర్డర్ అనే స్టూడియో సిటీస్ ఇన్ మోషన్ పేరుతో బస్సులు, ట్రాములు నడిపే ఆటలు రెండు చేసి ఉంది. పూర్తి నగర ఆట చేస్తామని వారు చాలాకాలంగా అడుగుతున్నా, సిమ్‌సిటీతో పోటీ ఎందుకని స్వీడన్ ప్రచురణకర్త పారడాక్స్ వెనకాడుతూ వచ్చింది. 2013 తరువాత ఆ భయం పోయింది. మారియీనా హల్లికైనెన్ సారథ్యంలో సుమారు పదమూడు మంది ఉన్న బృందం చేసిన సిటీస్: స్కైలైన్స్ 2015 మార్చి 10న విడుదలైంది. దానికి సరిగ్గా ఆరు రోజుల ముందు, మార్చి 4న, ఎమరీవిల్‌లోని మాక్సిస్ స్టూడియోను మూసివేస్తున్నట్టు ప్రకటన వచ్చింది. స్కైలైన్స్ తొలి 24 గంటల్లో రెండున్నర లక్షల కాపీలు, నెల తిరక్కముందే పది లక్షల కాపీలు అమ్ముడుపోయింది.

స్కైలైన్స్‌లోనూ ఏజెంట్లే. కానీ ఇక్కడి పౌరుడికి ఇల్లు ఒక్కటే, ఉద్యోగం ఒక్కటే. క్లిక్ చేస్తే పేరు, చదువు, ఎక్కడికి పోతున్నాడన్నది కనిపిస్తుంది. ఈ చిన్న మార్పుతో 2013 నాటి అవకతవకలు చాలావరకు తీరిపోయాయి. తాను చేసింది రవాణా ఆటలు కావడం వల్ల ఈ స్టూడియోకు రోడ్డు మీద పట్టుంది. ఒక దృశ్యం చెబుతాను, ఆడినవారందరికీ పరిచయమే. హైవే నుంచి పారిశ్రామికవాడకు ఒక ఎగ్జిట్ ఇచ్చారు. రోడ్డుకు మూడు లేన్లు. కొద్దిసేపటికి కుడివైపు లేన్‌లో లారీలు కిలోమీటరు పొడవున బారులు తీరాయి, మిగతా రెండు లేన్లు ఖాళీ. రోడ్డు వెడల్పు చేస్తే నాలుగు లేన్లయ్యాయి, బారు మాత్రం అదే లేన్‌లో అంతే ఉంది. కారణం ఏమిటంటే, ప్రతి వాహనం బయలుదేరేటప్పుడే దారీ లేనూ నిర్ణయించుకుంటుంది. ముందున్న రద్దీని చూసి మనసు మార్చుకోదు. అన్ని లారీలూ తరువాతి కూడలిలో కుడికే తిరగాలి కనుక అన్నీ ముందే అదే లేన్ పట్టాయి. పరిష్కారం రోడ్డు వెడల్పులో లేదు, ఆ కూడలి తరువాత వాడకు రెండో ద్వారం తెరవడంలో ఉంది. లారీల గమ్యాలను ఒక్కొక్కటిగా చూసి ఈ సంగతి కనిపెట్టడంలో ఉన్న ఆనందం సిమ్‌సిటీ 4లో దొరకదు, దాన్ని నేను కాదనను.

కానీ కనిపెట్టకపోయినా ఏమీ కాదు. చాలాసేపు ఇరుక్కున్న వాహనాన్ని ఆట నిశ్శబ్దంగా మాయం చేస్తుంది. నగరం ట్రాఫిక్ వల్ల చావదు. ఖజానా కూడా తొలి గంట గండం దాటితే పొంగిపోతూనే ఉంటుంది. పైగా చలనంలో ఉన్న పౌరులకు 65,536 హద్దు, వాహనాలకు 16,384 హద్దు ఉన్నాయి. పెద్ద నగరంలో ఆ హద్దు తగిలాక చాలామంది ప్రయాణం కట్టరు, రోడ్లు తేలికపడతాయి, ఆటగాడు తన ప్రతిభ వల్లేననుకుంటాడు. మరణాల వెల్లువ సంగతి ఇంకా తమాషా. ఒకేసారి పెద్ద కాలనీకి జోన్ గీస్తే అందులోకి ఇంచుమించు ఒకే వయసు వారు వచ్చి చేరతారు, ఏళ్ల తరువాత ఇంచుమించు ఒకేసారి చనిపోతారు, ఊరంతా శవవాహనాలు చాలక భవనాలు వదిలేస్తారు. ఒక్కొక్క మనిషికీ ఆయుష్షు ఉంది గానీ, ఊరికి వయసుల పంపిణీ లేదు. అంకెల పద్ధతిలో పెరిగినవారెవరూ చేయని పొరపాటు ఇది.

స్కైలైన్స్ అసలు విజయం మోడ్లలో, అంటే ఆటగాళ్లే చేసి ఆటకు జోడించే మార్పులలో, ఉందని నా అభిప్రాయం. ఆ మోడ్లను పంచుకునే స్టీమ్ వర్క్‌షాప్ అనే ఆన్‌లైన్ వేదికను తొలిరోజు నుంచే తెరిచి పెట్టారు. 25 గడుల పటంలో తొమ్మిదే కొనాలన్న నియమాన్ని ఆటగాళ్లు ఎత్తేశారు. ట్రాఫిక్ మేనేజర్ మోడ్‌తో లేన్ల మలుపులు, సిగ్నళ్ల సమయం, మాయమయ్యే వాహనాల నియమం అన్నీ తమ చేతిలోకి తీసుకున్నారు. మాయమవడం ఆపి ఆడితే స్కైలైన్స్ కఠినమైన ఆటగా మారిపోతుంది. సిమ్‌సిటీ 4ను కూడా ఇంతకాలం బతికించింది రోడ్లు, రైళ్ల వ్యవస్థను మెరుగుపరిచే నెట్‌వర్క్ యాడాన్ మోడ్ అనే స్వచ్ఛంద కృషే.

ఇప్పుడు స్కైలైన్స్ రెండో భాగం. 2023 అక్టోబర్ 24న వచ్చింది. ఏజెంట్ల హద్దు తీసేశారు. దారి ఎంచుకునేటప్పుడు పౌరుడు సమయం, డబ్బు, సౌకర్యం వంటివి తూస్తాడు. కారు ఆపడానికి నిజంగా పార్కింగ్ స్థలం వెతుక్కుంటాడు. మొదటి భాగంలో పార్కింగ్ దొరక్కపోతే కారును జేబులో పెట్టుకుపోయేవాడు, ఇది గొప్ప మెరుగుదల. అయితే విడుదలనాడు మంచి కంప్యూటర్ల మీద కూడా ఆట నత్తనడక నడిచింది. దూరంగా చుక్కలా కనిపించే పౌరుడి నోట్లో పళ్లు సైతం పూర్తి వివరాలతో మలిచి ఉన్నాయని బయటపడ్డాక జరిగిన ఎగతాళి ఇంతా అంతా కాదు. అంతకంటే పెద్ద లోపం లెక్కల్లో ఉంది. నగరం నష్టాల్లో పడితే ప్రభుత్వ రాయితీ వచ్చి గండం గట్టెక్కించేది, దాంతో మేయర్ చేసిన తప్పు పైకి తేలేదే కాదు. 2024 జూన్‌లో ఆర్థిక వ్యవస్థను తిరగరాసి ఆ రాయితీ తీసేశారు. 2025 నవంబర్‌లో పారడాక్స్, కొలొసల్ ఆర్డర్ విడిపోతున్నట్టు ప్రకటించి, 2026 నుంచి ఆ ఆట బాధ్యతను తాంపెరేలోనే ఉన్న ఐస్‌ఫ్లేక్ స్టూడియోకు అప్పగించారు. పళ్లు మలిచినంత శ్రద్ధ పన్నుల మీద మొదటే పెట్టి ఉంటే కథ ఇంకోలా ఉండేదేమో.

ఈ ఆటలన్నీ కలిసి వదిలేసినవీ ఉన్నాయి, వాటిని చెప్పకుండా పోలిక పూర్తి కాదు. ఇళ్లకు ఆకుపచ్చ, దుకాణాలకు నీలం, ఫ్యాక్టరీలకు పసుపు అని ఈ ఆటలు విడివిడిగా జోన్లు గీయడం అమెరికా నుంచి వచ్చిన అలవాటు. 1926లో ఒహాయో రాష్ట్రంలోని యూక్లిడ్ గ్రామం గెలిచిన సుప్రీంకోర్టు కేసుతో అక్కడ ఆ విభజన చట్టబద్ధంగా స్థిరపడింది. కింద కిరాణా కొట్టు, మేడమీద కాపురం ఉండే మన వీధులకు ఆ రంగుల్లో చోటు లేదు. స్కైలైన్స్ రెండో భాగంలోగానీ మిశ్రమ భవనాల జోన్ రాలేదు.

అంతకంటే ముఖ్యమైనది భూమి. ఏ ఆటలోనూ భూమికి యజమాని లేడు. పక్క గడి కావాలంటే మీట నొక్కుతాం, ఖజానాలోంచి సొమ్ము ఎవరికో పోతుంది, ఎవరికో తెలియదు. బుల్‌డోజర్‌తో ఒక వీధి చెరిపేస్తే పరిహారం లేదు, కోర్టు లేదు. అమరావతి ప్రణాళికను ఎరిగినవారికి ఈ వెలితి చటుక్కున తగులుతుంది. 217 చదరపు కిలోమీటర్ల ఆ రాజధాని ప్రాంతానికి రోడ్లు గీయడానికి ముందు భూసమీకరణ జరిగింది. రైతు ఎకరాలు ఇస్తే తిరిగి నివాస, వాణిజ్య ప్లాట్లు ఇస్తామనీ, పదేళ్లపాటు మెట్టకు ఎకరాకు ఏటా 30 వేలు, జరీబుకు (నది దగ్గర నీటి వసతి ఉన్న సారవంతమైన భూమికి) 50 వేలు కౌలు, దానిపై ఏటా పెంపు ఇస్తామనీ ఒప్పందం. మెట్టకూ జరీబుకూ మధ్య ఆ తేడా ఎందుకో అర్థం చేసుకునే ఆట ఇంకా రాలేదు. నన్నడిగితే పౌరుడి నోట్లో పళ్ల కంటే, అతడి చేతిలో పట్టాదారు పాస్‌బుక్ పెట్టడం అనుకరణకు ఎక్కువ అవసరం.

ఎక్కడ మొదలుపెట్టాలని అడగబోయేవారి కోసం ఒక మాట. సిమ్‌సిటీ 4 కొనేటప్పుడు రష్ అవర్ అనే అనుబంధ భాగం కలిసి ఉన్న డీలక్స్ ఎడిషన్ తీసుకోండి, వెంటనే నెట్‌వర్క్ యాడాన్ మోడ్ వేసుకోండి, ఆధునిక కంప్యూటర్‌లో అది ఒకే ప్రాసెసర్ కోర్ మీద నడిచేలా అమర్చుకోండి, లేకపోతే మధ్యలో ఆగిపోతుంది. అందులో ఒక ప్రాంతాన్ని దివాలా తీయించాక స్కైలైన్స్ మొదటి భాగానికి రండి, వాహనాలు మాయమయ్యే సౌకర్యాన్ని తొలిరోజే ఆపేయండి. రెండో భాగం సంగతి కొత్త స్టూడియో సవరణలు చూశాక ఆలోచించవచ్చు. ఇక మీ ప్రశ్నలు అడగండి.